కొక్కేనికి తగిలించిన మాట

41. ఎర్రవంక మజిలీ

ఇంటి కాళ్ళు ఆరూ నడుస్తున్నాయి. ఎడమ వెనక కాలు కిర్రుమంటోంది, నూనె పోయాలి. తొట్టిలో నీళ్ళు సగానికి కాస్త పైన. మబ్బు తూర్పున ఉంది, మాకంటే వేగంగా పోతోంది.

ఇంటి చిట్టాలో ఇంత రాస్తే చాలంటాడు తిరుపాలు. అతనిది ముందిల్లు. ఊరిని మబ్బు వెంట నడిపించేది అతనే. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకూ ఇంతకంటే రాయాలని ఉండదు. కానీ ఈ పూట రాయకపోతే ముద్ద దిగేలా లేదు. ఈ రోజు నా మాట పక్కన పెట్టి చౌడమ్మ మాట ఎత్తుకున్నారు.

ఇల్లు మోకాళ్ళు వంచి కూర్చోవాలంటే తక్కువ పనులా? పొయ్యి ఆర్పాలి, కోళ్ళగంప బిగించాలి, తొట్టికి మూత వేయాలి, నేల వాలు చూసి ఏ కాలు ముందు వంచాలో తేల్చుకోవాలి, కూర్చున్నాక కప్పు తెరిచి వాన పట్టాలి. ఒక్కొక్కటే ఇంటికి చెప్పుకుంటూ పోతే మబ్బు ఆగుతుందా? అందుకని వయసులో ఉన్నప్పుడు నేనొక మూటమాట కట్టాను. రెండు నెలవంకల మధ్య (మజిలీ) అని ఇంటి పలక మీద ఒక్క మాట రాస్తే చాలు, ఇల్లు ఆ మూట విప్పుకుని లోపలి పనులన్నీ వరసగా చేసుకుంటుంది. అప్పటినుంచి ముప్పై చిల్లర ఇళ్ళూ నా మాటకే కూర్చున్నాయి.

ఎవరికి కొత్త అవసరం వచ్చినా నా గుమ్మానికే రావాలి. "పెద్దమ్మా, మా గొర్రెపిల్లల్ని కూడా రవంత నీ మూటలో పెట్టు" అంటూ గుమ్మం రాయి మీద కూర్చునేవారు. వట్టి చేతులతో వచ్చేవారు కాదు. గిన్నెడు ఊరిబిండి పచ్చడో, అదీ లేకపోతే నాలుగు కబుర్లో తెచ్చేవారు. నేను మూట విప్పి, కొత్త పని ఎక్కడ ఇముడుతుందో అక్కడ కుట్టి, మళ్ళీ కట్టేదాన్ని. ఒకచోట కుడితే ఇంకోచోట పిగులుతుందేమో, ఎవరి ఇల్లు కూలుతుందోనని నాకు భయం. అందుకే ఆలస్యం. మద్దిలేటి తన తేనెటీగల పెట్టెలు ముందుగా మూయించాలని అడిగితే మూడు మజిలీలు ఆలోచించాను. ఈలోగా ఈగలు లేచిపోయాయి. అది ఎంతమందికి చెప్పాడో!

చౌడమ్మ నాకు తోడికోడలు, మా మరిది భార్య. మొగుళ్ళిద్దరూ పోయారు, మేమిద్దరం మిగిలాం, మా మధ్య అత్త మిగిలింది. మంచం దిగలేని ఆ ముసలామె ఉండేది దాని ఇంట్లోనే. నా ఇంటికి రమ్మంటే, "నువ్వు రాత్రంతా తలుపేసినానా లేదా అని లేసి లేసి సూస్తాంటావు, నాకి నిద్ర పట్టదు పోమ్మే" అంది.

ఆ చౌడి ఆరు మజిలీల కిందట వచ్చింది. "అక్కా, నీ మాటకి ముందొక కొక్కెం, ఎనకొక కొక్కెం పెడదాం. నడుమ నీది నీదే. ఎవరికేం కావాల్నో వాళ్ళే తగిలించుకుంటారు. నీకీ శ్రమ తగ్గుతాది."

"నా శ్రమ సంగతి నీకెందుకే? ప్రతోడూ వచ్చి తగిలిస్తే దాన్ని మాటంటారా, దండెమంటారా?" అన్నాను.

అప్పుడు నవ్వి వెళ్ళిపోయింది. ఈ రోజు తన కొక్కేల మాట ఊరి ముందు పెట్టింది. "ఎవరైనా తగిలించచ్చు, అడిగే పనిలేదు. ఒకరి తగిలింపు మీద ఇంకొకరు తగిలించచ్చు. తియ్యాలంటే మాత్రం తగిలించినోళ్ళే ముందింటి బాకా కాడికొచ్చి నోటితో చెప్పల్ల. ఒకరిది ఒకరు పీకితే కొట్లాటలే మిగుల్తాయి. నేనైనా సరే, ఎవరిదీ తియ్యలేను."

కావాలన్నవాళ్ళు చేతులెత్తమంటే పక్కింటి మస్తానమ్మ రెండు చేతులూ ఎత్తింది.

ఇంకొకటి కూడా ఉంది. గుమ్మాల మీది బాకాలు ఇదివరకు కూత మాత్రమే పెట్టేవి. ఇకమీదట మజిలీ జరుగుతున్నంతసేపూ మూటను విప్పి, చేస్తున్న పనల్లా పైకి చదువుతాయట, ఊరందరికీ తెలియాలని. చౌడి మాట నా గుమ్మంలో నిలబడి నాకే చదివి వినిపించాలా? పాత బొంత చింపి బాకా గొంతులో కూరాను. ఇప్పుడు గుబగుబమంటుంది, అంతే.

42. ముళ్ళదిబ్బ మజిలీ

కాళ్ళు బాగున్నాయి. నూనె పోయడం మరిచిపోయాను. నీళ్ళు కాస్త తగ్గాయి.

ఊళ్ళో పండగలా ఉంది. మద్దిలేటి కొత్త ఈగల పెట్టెలు తెచ్చుకుని, ఇల్లు వంగేముందు వాటికి తెర దించమని తగిలించాడట. మస్తానమ్మ పొయ్యి మీద పాలుంటే పొంగేదాకా ఆగమని తగిలించిందట. చిన్నపిల్లలు సైతం ఏదో ఒకటి తగిలించి మురిసిపోతున్నారు. నాకు ఒక్క కుట్టుకు మూడు మజిలీలు పట్టేవి. వీళ్ళు పళ్ళు తోముకుంటూ తగిలించేస్తున్నారు.

నా గుమ్మం రాయి మీద పిల్లి పడుకుంది.

మధ్యాహ్నం మస్తానమ్మ చేట పట్టుకుని వచ్చింది. కొర్రలు చెరగడానికి నీడ కావాలట, నా కోసం కాదు.

"ఏమక్కా, ముఖం అట్ల పెట్టినావు? ఇంగ నీకి హాయి గదా. కూర్చోని తిను."

"హాయిగానే ఉండాను."

"పాలు పొంగేదాక ఇల్లు ఎంత బుద్ధిగా నిల్చుకుందో! పోయినేడు నిన్ను అడిగితే ఏమన్నావు? 'పాల కోసరం ఇల్లు ఆగితే గాలొచ్చి పడేస్తే ఎవరిది పూచీ' అన్నావు."

"గాలి రానీ, తెలుస్తాది."

"నీ నోటికి బెల్లం పెట్టల్ల అక్కా," అని నవ్వుకుంటూ పొట్టు నా వాకిట్లోనే ఊదిపోయింది.

44. సున్నపురాళ్ళ మజిలీ

రెండు మజిలీలుగా వాన చినుకులే. నీళ్ళు సగానికి దిగువన.

చౌడి ఇంటి ముందు పది మంది కూర్చున్నారు. కొక్కేనికి ఎలా తగిలించాలో నేర్పుతోంది. అత్త మంచం మీంచే కిటికీలోంచి తల బయటపెట్టి మహారాణిలా చూస్తోంది. నేను ఆ పక్కగా నీళ్ళ బిందెతో రెండుసార్లు నడిచాను. "రా అక్కా, మజ్జిగ తాగిపో" అని పిలిచింది చౌడి. పిలిచేటప్పుడు కూడా చేతిలో పని ఆపలేదు. నాకు మజ్జిగ పడదని చెప్పి వచ్చేశాను. పడుతుంది.

ఇంటికొచ్చి పలక ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎవరైనా తగిలించవచ్చు, అడిగే పనిలేదు అంది కదా. నేనూ ఊరి మనిషినే. రాశాను.

(అందరూ కూర్చున్నాక (కూర్చో చౌడమ్మ-ఇల్లు))

అంతే, తప్పేముంది? కూలదోయమనలేదే. చివర కూర్చున్న ఇల్లు చివర కప్పు తెరుస్తుంది. దానికి వాన కాస్త తక్కువ పడుతుంది. చేసినదాని ఇల్లే కూర్చోలేకపోతే, ఆ మాటలో లోపముందని పదిమందికీ అనుమానం వస్తుంది. అప్పుడు నా గుమ్మానికి రారా?

పలక పేరు అడగలేదు. మంచిదే అయింది. పంపేశాను.

రాత్రి తలుపు వేశానా లేదా అని నాలుగుసార్లు చూసుకున్నాను.

45. రేగడిచేల మజిలీ

కాళ్ళు బాగున్నాయి. పడమటి నుంచి మంచి వాన. తొట్టి ముప్పాతిక నిండింది.

పనిచేసింది! ఇళ్ళన్నీ వరసగా మోకాళ్ళు వంచాయి. చౌడి ఇల్లొక్కటే కొంగలా నిలబడిపోయింది. అందరి కప్పుల్లో వాన టపటపలాడుతుంటే దాని కప్పు మూసే ఉంది. ఎంతో సేపటికి గాని కూర్చోలేదు. నేను వాన పడుతున్న చప్పుడు వింటూ జొన్నరొట్టె తిన్నాను. రెండు తిన్నాను.

సాయంత్రం బయటికొచ్చి నలుగురిలో నిలబడి అన్నాను, "చౌడమ్మ ఇల్లు ఎందుకో చివర్న కూర్చునిందే? ఆ మాటలో ఏదో లోపముండాది సుమా."

మద్దిలేటి నా వంక చూసి తల దించుకున్నాడు. మస్తానమ్మ మాత్రం కళ్ళార్పకుండా చూసింది.

"అవునవునక్కా. లోపమే. ఎవరి లోపమో ఆ దేవునికే తెలియల్ల."

"మరి ఆలోచించండి" అన్నాను.

"ఆలోచిస్తానే ఉండాం. ఊరంతా అదే ఆలోచిస్తాండాం" అంది.

నా మనసు ఎంత తేలికపడిందో!

47. బండమీది మజిలీ

కాళ్ళు బాగున్నాయి, ఎడమ వెనకది తప్ప. నీళ్ళు చాలు.

ఈ మధ్య మజిలీకి పట్టే సేపు పెరిగిపోతోంది. రోజుకొకరు ఏదో తగిలిస్తున్నారు కాబోలు. కానివ్వండి, దండెం తెగేదాకా ఆరేయండి అనుకున్నాను.

కానీ ఈ రోజు చూసింది మాత్రం కడుపులో మండుతోంది. ఇళ్ళు కూర్చున్నాక ఏ ఇంటి తాడు ఆ ఇల్లు పక్కింటికి విసురుతుంది, గాలికి ఒకదాన్నొకటి పట్టుకోవడానికి. మా ఊళ్ళో తాడు విసరడమంటే నీ మీద నాకు నమ్మకముందని చెప్పడమే. నా మాటలో అది పక్కింటికే, ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా. ఈ రోజు మద్దిలేటి ఇంటి తాడు పక్కింటికి పోలేదు. గాల్లో లేచి పోయి చౌడి ఇంటి నడుముకు చుట్టుకుంది. మస్తానమ్మ తాడూ అక్కడికే. ఇంకా నాలుగైదు. అందరూ దానికే కట్టుకుంటున్నారు! దాని ఇల్లు ఎత్తుగా, నడిమధ్యలో, పల్లకీలా నిలబడి ఉంది. నేను చివర్న కూర్చోమంటే అది ఊరేగింపు అయి కూర్చుంది.

"ఏం నాయనా, మీ తాడు అక్కడ కట్టినావే?" అని మద్దిలేటిని అడిగాను.

"కట్టాల్సొచ్చింది పెద్దమ్మా."

"ఎవరు కట్టమన్నారు?"

"నీకి తెలీదా?" అన్నాడు.

తెలియకేం. చౌడి మజ్జిగ పోసి అందరినీ తిప్పుకుంది.

అత్తను చూడ్డానికని సంగటి ముద్ద పట్టుకుని వెళ్ళాను. చౌడి ఇల్లు ఇంకా కూర్చోలేదు, నిచ్చెనెక్కాల్సి వచ్చింది. ఎక్కుతుంటే ఇల్లు ఊగింది. ముందు కాలొకటి సన్నగా, మోకాలి దగ్గర గీతపడి ఉంది. ఇన్నాళ్ళూ అది చూడనేలేదు.

"వచ్చినావా పెద్దకోడలా?" అంది అత్త. "అందరికంటే చివర్న దిగతా ఉంటే ఊరు బాగా కనపడతాదిలే. నీ ఇల్లు కూడా కనపడతాది. నువ్వు తలుపు ఎన్నిసార్లు తోసి సూస్తావో లెక్కబెడతాండా."

చౌడి గిన్నె అందుకుంది. నా ముఖంలోకి చూస్తూ, "అక్కా, నీ బాకా బాగ ఇనపడతాందా?" అని అడిగింది.

గొంతులో బొంత కూరానని చెప్పమంటారా? "ఓ, ఒక్క అక్షరం పోకుండా ఇనపడతాంది" అన్నాను.

"సరే అక్కా," అని సంగటి విరిచి అత్తకు తినిపించింది.

50. తుమ్మలవాగు మజిలీ

నీళ్ళు నిండుగా ఉన్నాయి. గాలి ముదురుతోంది. మధ్యలో రెండు మజిలీలు రాయలేదు. మనసు బాగాలేదు.

ఇప్పుడు దాదాపు ఊరి తాళ్ళన్నీ చౌడి ఇంటికే. నా ఇంటి తాడొక్కటే ఎప్పటిలా మస్తానమ్మ గోడను పట్టుకుంటోంది. మస్తానమ్మ తాడు మాత్రం నా ఇంటికి రావడం లేదు. నన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

అది ఒక పక్క. రెండో పక్క ఆ సన్నకాలు. ముప్పై ఇళ్ళు కూర్చునేదాకా దాని ఇల్లు నిలబడాలి. మొదట్లో ఇది రెండు రొట్టెలు తినేంత సేపే. ఇప్పుడు సంగటి ఉడికి, తిని, చేయి కడుక్కున్నా కూర్చోదు. మంచి గాలి కొడితే? లోపల మంచం దిగలేని ముసలామె ఉంది.

తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తీయాలంటే ముందింటికి పోయి బాకాలో నోటితో చెప్పాలి. ఊరంతా వింటుంది. "ఓహో, ఇది సుంకులమ్మ పనా" అంటారు. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియనిది నేనే చాటుకోవాలి. చౌడి ముఖం అప్పుడెలా ఉంటుందో తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

అదే ఏదో ఒక ఉపాయం చేసుకోవచ్చుగా! కొక్కేలు కనిపెట్టిన మనిషికి చివర కూర్చోవడం తప్పించుకునే ఉపాయం తెలియదా? తెలిసే ఊరుకుంటోంది, తాళ్ళు కట్టించుకోవడానికి. అవును, అదే.

అనుకున్నాను గాని నిద్రపట్టలేదు. లేచి తలుపు చూసుకున్నాను. కిటికీలోంచి చౌడి ఇంటి కాలు కూడా చూసుకున్నాను.

51. కొండ మలుపు మజిలీ

ఈ రోజు కాళ్ళ సంగతి తర్వాత రాస్తాను.

మధ్యాహ్నానికి కొండ వెనకనుంచి ఆకాశం నల్లగా లేచింది. వాన కాదు, ముందు గాలి. తిరుపాలు మజిలీ చెప్పేశాడు. నా ఇల్లు వంగిందో లేదో తలుపు తీసి చూశాను. ఇళ్ళు ఒక్కొక్కటే కూర్చుంటున్నాయి. తాళ్ళు ఒక్కొక్కటే లేచి చౌడి ఇంటిని చుట్టుకుంటున్నాయి. ఆ ఇల్లు నిలబడే ఉంది. దుమ్ములో అది పక్కకు వాలి, తాళ్ళ మీద ఆగి, మళ్ళీ నిలబడడం కనిపించింది. ఒక తాడు టప్పున తెగింది.

చీర ఎగ్గట్టి పరుగెత్తాను. నేను పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. నోట్లోకి దుమ్ము, కళ్ళలోకి ఇసుక. ముందింటి మెట్లెక్కేసరికి గుమ్మం మీది బాకా గట్టిగా చదువుతోంది. దాని గొంతులో బొంత లేదు.

"సుంకులమ్మ తగిలింపు. అందరూ కూర్చున్నాక చౌడమ్మ ఇల్లు కూర్చోవాలి."

బాకా అక్కడితో ఆగలేదు.

"దాని మీద మద్దిలేటి తగిలింపు. అది కూర్చునేదాకా నా ఇంటి తాడు దాన్ని పట్టుకోవాలి. దాని మీద మస్తానమ్మ తగిలింపు. నా ఇంటి తాడు కూడా. దాని మీద ఓబులేసు తగిలింపు. నా తాడు కూడా. దాని మీద తిరుపాలు తగిలింపు. ముందింటి తాడు, రెండు చుట్లు..."

చదువుతూనే ఉంది. ఊళ్ళో ఒక్క పేరు మిగలలేదు. ప్రతి పేరుకూ ముందు, అన్నింటికీ కింద, నా పేరు. పలక అడగలేదనుకున్నాను. ఏ ఇంటి పలకో ఊరికి తెలియదా? ఇన్ని మజిలీలుగా ప్రతి గుమ్మంలోనూ, చౌడి గుమ్మంలోనూ, అత్త మంచం మీదుగానూ ఇదే చదువుతోంది. నా ఒక్క గుమ్మంలోనే గుబగుబ. మజిలీకి ఇంత సేపెందుకు పడుతోందో, దానికి మొదలు నేనేనని అప్పుడు తెలిసింది.

తిరుపాలు బయటికొచ్చాడు. "ఏం పెద్దమ్మా?"

"తీస్తాండా," అని అరిచాను బాకాలోకి. "నేను, సుంకులమ్మను. నా తగిలింపు తీసేస్తాండా. కూర్చోబెట్టండి, దాన్ని తొందరగా కూర్చోబెట్టండి!"

"పేరు సెప్పే పనిలేదులే," అన్నాడు తిరుపాలు. "రోజూ ఇంటానే ఉండాం."

బాకా ఒక్క క్షణం ఆగింది. తర్వాత చౌడి ఇల్లు మోకాళ్ళు వంచింది. సన్నకాలు చివర్న వంగింది. కప్పు నేలకు దగ్గరయ్యాక గాలి దాని మీదుగా పోయింది. అంతవరకూ పట్టుకున్న తాళ్ళన్నీ సడలి, ఎవరింటికి వాళ్ళవి మళ్ళాయి. నా తగిలింపు మీద తగిలించినవి గనక దానితోపాటే పోయాయి.

నేను తిరుపాలు మెట్ల మీదే కూర్చుండిపోయాను. వాన వచ్చింది. తొట్టి నిండిందో లేదో చూడలేదు.

52. అక్కడే, మరుసటి పూట

కాళ్ళు ఆరూ బాగున్నాయి, ఎడమ వెనకది కిర్రుమంటోంది. తొట్టి పొంగిపోయింది.

బాకా గొంతులోంచి బొంత తీశాను. తడిసి, బూజు పట్టి ఉంది.

చౌడి దగ్గరికి నేనే వెళ్ళాను. అది వస్తే ఇంకా అవమానం. తెగిన తాడు ముడివేస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు.

"నాకి ఇనపడలేదు," అన్నాను. "బొంత కూరినా."

చేతులు ఆగాయి. "ఇనపడతాంది అన్నావే!"

"అన్నా."

"అయ్యో నా తల్లీ! రోజూ నీ పేరు ఇంటా గూడా నువ్వు తియ్యకపోతే, నామీద అంత కచ్చా అనుకుంటి. ఎన్ని రాత్రులు ఏడిస్తినో నీకేం తెలుసు?"

"అడగచ్చు గదా!"

"అడిగితే తీస్తావు. నువ్వే తియ్యల్లని ఉండాది నాకి. ఊళ్ళోవాళ్ళు అడుగుతామన్నా నేనే వద్దంటి."

"ఏదో ఒక కొక్కెం పెట్టుకోని నువ్వే తీసేసుకోవచ్చు గదే. చేసినదానివి."

"నీదొక్కటి తీసే సందు పెడితే అందరివీ తీసే సందు పెట్టినట్లే. ఇంగ అది ఊరి మాటా? చౌడమ్మ మాటవుతాది."

అంత మంచిగా ఎలా మాట్లాడుతుందో! ఆ మంచితనం చూస్తే ఇంకా మండింది. రాయకుండా ఉండలేను, ఏడుపు వచ్చింది కూడా.

లోపలినుంచి అత్త పిలిచింది. "ఏడ్సేది ఆపి ఇట్ల రామ్మే. నన్ను కొండెక్కించి కూర్చోబెట్టి, ఊరు సూపించినావు. ఇంగ ఎవరు సూపిస్తారు?"

"అత్తా, దాని ఇంటికి ముప్పై తాళ్ళొచ్చినాయి," అన్నాను. పక్కన కూర్చున్నాక ఇది తప్ప ఇంకేదీ నోట రాలేదు. "నా ఇల్లొరిగితే ఎన్నొస్తాయి?"

"ఒరిగే ఇంటికి తాళ్ళు గాని, కుదురుగుండే ఇంటికెందుకే? కుదురుగుండాది ఇల్లు అని ఏడుస్తాండావా?"

అవును, దానికే ఏడుస్తున్నాను.

ఇంటికొచ్చి నూనె డబ్బా తీశాను. ఎడమ వెనక కాలి దగ్గరదాకా వెళ్ళాను. మళ్ళీ పెట్టేశాను. కిర్రుమననీ. ఎవరికైనా వినపడుతుందేమో చూద్దాం.

53. చవిటినేల మజిలీ

కాళ్ళు ఐదు బాగున్నాయి.

ఈ రోజు మొట్టమొదటిసారి నా గుమ్మంలో నిలబడి చౌడి మాట మొదటినుంచీ విన్నాను. ముందు కొక్కేనివి చదివింది. ఈగల పెట్టెలు, పాల పొంగు, పిల్లల బొమ్మలు. ఆ తర్వాత అంది, "నడుమ, సుంకులమ్మ మాట, ఉన్నది ఉన్నట్టు." అని నా మూట విప్పింది. పొయ్యి ఆర్పాలి, గంప బిగించాలి, తొట్టి మూయాలి, వాలు చూడాలి, ఆపైన కాళ్ళ కింద ప్రాణి ఉందేమో మళ్ళీ ఒకసారి చూడాలి. నేను కుట్టిన కుట్లే, నా భయాలే, ఒక్కటి తగ్గకుండా. నా మాట పక్కన పెట్టలేదు. ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం పెట్టి, నడుమ దాన్నే కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పనే చెప్పింది, నడుమ నీది నీదే అని. నేనే వినలేదు.

ఎర్రవంక నుంచీ మజిలీ మజిలీకీ నా పేరు ఆ మర్యాదతో ఊరంతా విన్నారు. నేను తప్ప. అయినా ఆ మర్యాద చేసింది ఎవరు? చౌడి. మాట నాది, మంచిపేరు దానిది.

వెనక కొక్కేనివి మొదలయ్యాయి. నేను చెవులు రిక్కించి విన్నాను. మద్దిలేటి, మస్తానమ్మ, ఓబులేసు, ఎవరి గొర్రెలు వాళ్ళవి, ఎవరి బిందెలు వాళ్ళవి. నా ఇంటి ఊసు లేదు. కాలు అంత గట్టిగా కిర్రుమంటుంటే ఒక్కరికి వినపడలేదా? అయిపోవచ్చింది. లోపలికి పోబోయాను.

"చౌడమ్మ తగిలింపు. ప్రతి మజిలీ అయ్యాక అక్క ఇంటి ఎడమ వెనక కాలికి నూనె ఉందో లేదో చూడాలి. లేకపోతే నేనే పోయాలి."

పక్కింటి గుమ్మంలో మస్తానమ్మ పడీ పడీ నవ్వింది. "ఇనపడిందా అక్కా? ఈసారైనా ఇనపడిందా?"

ఇంతమంది ఉండగా మళ్ళీ అదేనా! ఇంకెవరూ దొరకలేదా నా కాలు చూడ్డానికి?

చౌడి డబ్బా పట్టుకుని వచ్చేలోపల, డబ్బాడు నూనె నేనే కుమ్మరించాను.

54. పిచ్చికల గుట్ట మజిలీ

కాళ్ళు ఆరూ బాగున్నాయి. నీళ్ళు నిండుగా ఉన్నాయి. మబ్బు దగ్గరలోనే ఉంది.

ఎడమ వెనక కాలు గుసగుసలాడినంత చప్పుడు కూడా చేయడం లేదు. అయినా బాకా ఈ రోజూ చదివింది, అక్క ఇంటి ఎడమ వెనక కాలు అని, ఊరంతా వినేలా. చౌడి వచ్చి, వంగి చూసి, మోకాలి మీద అరచేయి పెట్టి తడిమి, మజ్జిగ తాగి వెళ్ళింది. రేపూ చదువుతుంది. ఎల్లుండీ వస్తుంది.

దాని ఇంటికి ఊరి తాళ్ళన్నీ వచ్చాయి. నాకు వచ్చింది ఒక్క తగిలింపు, అదీ దానిదే. పీకి అవతల పారేద్దామంటే నా చేతిలో లేదు. తగిలించినవాళ్ళ నోటితోనే తీయాలి.